ఉపవాసమున్న బర్రె

సుందరరాజు దేవునికి భయపడతాడు. పెళ్లాం లూదియాకూ భయపడతాడు. అన్నిటికంటే ఎక్కువగా, మత్తయి తనకంటే భక్తిపరుడని సంఘం ఎక్కడ అనుకుంటుందోనని భయపడతాడు. మొదటి రెండు భయాలూ మనిషికి మంచివే. మూడోదే ఆ ఏడు నీలి ప్రాణం మీదికి తెచ్చింది.

నీలి అంటే లూదియా బర్రె. తల్లి చచ్చిపోయిన దూడను గోస్పాడు నుంచి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, సీసాతో పాలు పట్టి పెంచిందామె. ఇప్పుడది నిండు సూడితో ఉంది. మా ఊరు శిరివెళ్లకు దగ్గర, బర్రెలకు కొదవలేదు. కానీ లూదియా దృష్టిలో ఊరు మొత్తానికి ఉన్నది ఒక్క బర్రే. నంద్యాలలో టీచరు పని చేసే కూతురు నిర్మల సెలవుకు వచ్చినప్పుడల్లా, "మాయమ్మ ముందు నీలికి కుడితి పెడ్తాది, ఆనెక నాకు కాఫీ ఇస్తాది" అని అందరికీ చెప్పి నవ్వేది. లూదియా కాదనేది కాదు.

మట్టల ఆదివారం నాడు చర్చిలో మత్తయి లేచి నిలబడి, ఈ శ్రమకాలమంతా తాను టీ చుక్క ముట్టలేదని సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా స్తోత్రం అంది. మత్తయి, సుందరరాజు ఇద్దరూ సంఘ పెద్దలే. ఒకరు గంట కొడితే ఇంకొకరు గంట తాడు మార్పిస్తారు. పక్కనే కూర్చున్న సుందరరాజుకు ఆ స్తోత్రం చెవిలో ముల్లులా గుచ్చుకుంది. తనేమో టీ లేకపోతే మంచం దిగలేడు. ఇంతలో పోయిన వారం పాస్టరు ఇమ్మానుయేలు అయ్యగారు చెప్పిన ప్రసంగం గుర్తొచ్చింది. పూర్వం ఒక పట్టణం వాళ్లు చేసిన తప్పులకు పశ్చాత్తాపపడి, తాము పస్తుండి, తమ పశువులను కూడా పస్తుంచారట. సుందరరాజు కూడా లేచి నిలబడ్డాడు.

"ఈ గుడ్ ఫ్రైడే నాడు ఆరాధన అయిపోయేదాకా మా ఇంట్లో మనుషులే గాదు, గొడ్డు గూడా గడ్డిపరక ముట్టదు!"

సంఘం ఈసారి ఇంకా గట్టిగా స్తోత్రం అంది. మత్తయి మొహం వాడిపోయింది. ఆడవాళ్ల వైపు నుంచి లూదియా మెడ తిప్పి ఒక చూపు చూసింది. ఆ చూపుకు సుందరరాజు పాటల పుస్తకం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"నీ ఉపవాసం నువ్వుండు. నీలి యేం పాపం జేసె?" అని అడిగింది ఇంటికి రాగానే.

"అట్లగాదు మే. ఇంటిల్లిపాదీ ఉండాల. నీళ్లు తాపొచ్చులే."

"నీళ్లకు సెలవిచ్చినావా! ఎంత దయ నీది."

పదిమందిలో అన్న మాట. వెనక్కి తీసుకుంటే మత్తయి ఏమంటాడు? సుందరరాజు తీసుకోలేదు.

గుడ్ ఫ్రైడే తెల్లవారింది. ఆ ఇంట్లో ముందుగా జాలిపడింది ఆయన తల్లి ఎలిజబెత్తమ్మ. వయసును చూసి ఆమెకు మాత్రం ఉపవాసం లేదన్నాడు కొడుకు. రాత్రి మిగిలిన జొన్నరొట్టెలు కొంగు చాటున పెట్టుకుని ఆమె కొట్టంలోకి వెళ్లింది. "తిను తల్లీ, వానికి పిచ్చి" అని నీలి నోటికి అందించి, ఏమీ ఎరగనట్టు వచ్చి మంచం మీద కూర్చుంది. తర్వాత జాలిపడింది పండగ సెలవుకు వచ్చిన నిర్మల. గదిలో తలుపేసుకుని బిస్కెట్లతో ఉపవాసం చేస్తున్న ఆ పిల్లకు మనసు ఊరుకోలేదు. జేజి ఎలిజబెత్తమ్మ కోసం కోసిన కర్బూజ తొక్కలన్నీ తట్టలో వేసుకుపోయి నీలి ముందు కుమ్మరించింది.

ఆ తర్వాత లూదియా. పేడ తీసే నెపంతో వెళ్లి, తవుడు కలిపిన కుడితి బకెట్టు ముందు పెట్టి, అది అడుగు నాకేదాకా నిలబడి, బకెట్టు కడిగి బోర్లించింది. తాను మాత్రం చీకటితో లేచినప్పటి నుంచి నోట్లో ఏమీ వేసుకోలేదు. పేడ ఎత్తింది, ఇల్లు కడిగింది, అత్తకు నీళ్లు కాచింది, బట్టలు ఉతికింది. మొగుడు దేవుని ముందు అన్న మాట తన వల్ల తప్పకూడదని ఆమె పట్టుదల. నీలి మాట వేరు. నీలి ఎవరి ముందూ మాటివ్వలేదు కదా.

చివరికి మిగిలింది సుందరరాజు. చర్చికని తెల్లబట్టలు కట్టుకుని, బయల్దేరే ముందు నీలిని బోరు దగ్గరి తొట్టికి నీళ్లకు తోలుకుపోయాడు. నీలి నాలుగు గుక్కలు తాగి, తలెత్తి ఆయన మొహంలోకి చూసి, గట్టిగా అరిచింది. అప్పటికే ముగ్గురి చేత మేత తిన్న బర్రె ఎందుకరిచిందో దానికే తెలియాలి. సుందరరాజుకు మాత్రం అది ఆకలి కేకలాగే వినిపించింది. ఆయన గుండె కరిగిపోయింది. మనిషిది నోరు గట్టిదే గానీ మనసు వెన్న. అటూ ఇటూ చూశాడు. బోరు పక్కనే పచ్చి అలసంద మడి ఉంది. పొద్దున పెట్టిన తడి ఇంకా ఆరలేదు, ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఆయన పలుపు వదిలేశాడు.

"పో, రెండు నోళ్లు తినిరా. నేను సూడ్లే" అని వీపు తిప్పి నిలబడ్డాడు.

చర్చి గంట మోగేదాకా ఆయన వీపు తిప్పే ఉన్నాడు. రెండు నోళ్లు కాస్తా మడిలో సగమయ్యాయి. గబగబా నీలిని లాక్కొచ్చి కొట్టంలో కట్టేసి, చేతులు కడుక్కుని చర్చికి పరుగెత్తాడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పాపం కాదు, జాలి. ఒకరి జాలి ఇంకొకరికి తెలియదు. అన్ని జాలులూ పోయి ఒకే కడుపులో పడ్డాయి.

మధ్యాహ్నపు ఆరాధన ముగించుకుని వాళ్లు ఎండలో ఇంటికి వచ్చేసరికి నీలి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. ఎడమ డొక్క వెన్నుపూసకంటే పైకి ఉబ్బింది. నాలుక బయట పెట్టి రొప్పుతోంది. లూదియా డొక్క మీద అరచేత్తో తట్టింది. డప్పు మీద కొట్టినట్టు మోగింది.

"నీలీ..." అంది. 

నిర్మల ఆళ్లగడ్డలో ఉండే పశువుల డాక్టరు రమాదేవికి ఫోను చేసింది. సెలవు రోజు కదా, ఆమె చుట్టాలింటికి నంద్యాల పోయి ఉంది. ఐనా మంచి మనిషి, కారులో అప్పటికప్పుడు బయల్దేరుతూ, "నేనొచ్చేదాకా ఫోను స్పీకర్లో పెట్టు. ఎవురన్నా బర్రె దగ్గర నిలబడండి" అంది. అప్పటికే సంగతి తెలిసి అయ్యగారూ, మత్తయీ కూడా కొట్టానికి వచ్చేశారు.

"నెమరేస్తాందా?" అని అడిగింది రమాదేవి.

"ల్యా మేడమ్" అన్నాడు సుందరరాజు.

"గాలి పోతాందా?"

"అదే సూస్తాండా మేడమ్. ఏం రావడం ల్యా."

"యాడ నిలబడి సూస్తాండావప్పా?"

"తోక దగ్గర."

"ఆడేముండాది సూసేకి? బర్రె కడుపులో గాలి యెనకనుంచి పోదు, తేన్పుల్లో నోటెంబడి పోతాది. ముందరికి రా!"

అయ్యగారూ మత్తయీ కూడా తోక వైపే భక్తిగా నిలబడి ఉన్నారు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నీలి తల వైపుకు వచ్చారు. ఎలిజబెత్తమ్మ మంచం మీద నుంచి, "ముగ్గురు పెద్దమనుషులు, ఒక్కరికీ తెలీకపాయ" అని పళ్లు లేని నోటితో అంది.

"మేత కడుపులో పులిసి గాలి పుడతానే ఉంటాది" అని చెబుతోంది రమాదేవి. "రోజుకు డ్రమ్ముల కొద్దీ గాలి. సప్పుడు ల్యాకుండా నిమిషానికో తేన్పు తేన్చి ఇడిసేస్తాది. తేన్పు ఆగిపోతే ఆ గాలి యాడికి పోవాల? కడుపు ఉబ్బి ఊపిరి ఆడనీదు. అందుకే రొప్పుతాండాది. బేగా జెప్పండి, పొద్దున్నుంచి ఏం తినింది?"

సుందరరాజు మత్తయి వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఏం తినల్యా మేడమ్. ఉపవాసం."

లారీ హారన్ల మధ్య రమాదేవి గొంతు పెంచింది.

"నేనడిగేది నీ గురించి గాదప్పా. బర్రె గురించి."

"నేను జెప్పేదీ బర్రె గురించే."

"ఉత్త కడుపు ఇట్ల ఉబ్బదు" అంది రమాదేవి. గొంతులో మెత్తదనం పోయింది. "గింజలు ఎక్కువ తినింటే ఒక వైద్యం, పచ్చి మేత తినింటే ఇంకో వైద్యం. తెలీకుండా ఏదంటే అది పోస్తే నేనొచ్చేతలికి బర్రె ఉండదు. కడుపులో దూడా ఉండదు. నిజం జెప్పండి."

ముందు నోరు విప్పింది లూదియా.

"నేను కుడితి పెడ్తి మేడమ్. తవుడు కలిపి. ఒక బకెట్టు."

"లూదీ!" అన్నాడు సుందరరాజు.

"ఏందీ? కొడ్తావా? ఆనెక కొడుదువులే."

"నేను రొట్టెలు పెడ్తినే" అంది మంచం మీది నుంచి ఎలిజబెత్తమ్మ.

"కర్బూజ తొక్కలు" అంది నిర్మల నేల చూస్తూ.

మత్తయి కళ్లు పెద్దవి చేసుకుని ఒక్కొక్కరినీ చూశాడు. ఉపవాసమున్న బర్రె టిఫినూ, పండూ, కుడితీ అన్నీ కానిచ్చిందన్నమాట. సుందరరాజు చెవులు ఎర్రబడ్డాయి. ఇంట్లోవాళ్ల మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు గానీ, పాపం, రాలేదు.

"అయ్యన్నీ కలిసినా ఇంత ఉబ్బర రాదు" అంది రమాదేవి. "పచ్చి మేత ఏమన్నా తినిందా? పెసర, అలసంద, అట్లాంటియి? చేన్లో యాడన్నా పడిందా?"

"కట్టేసిందే గదా మేడమ్. యాడికీ పోల్యా" అంది లూదియా. "నీళ్లకు మాత్రం మా ఆయన తోలుకపాయ."

"ఏం పెద్దాయనా, నీళ్లే తాపినావా?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ పక్కనే అయ్యగారున్నారు, ఎదురుగా మత్తయి ఉన్నాడు. మట్టల ఆదివారం నాటి స్తోత్రం సుందరరాజు చెవుల్లో ఇంకా మోగుతోంది.

"నీళ్లే" అన్నాడు.

ఆ మాట అన్నాక నీలి వైపు చూడలేకపోయాడు. నీలి కళ్లు బయటికి వస్తున్నాయి. లూదియా దాని మెడ కింద చేయి వేసి, చెంపకు చెంప ఆనించి, "ఇంకొంచెం సేపు తల్లీ, డాక్టరమ్మ వస్తాండాది" అంటోంది. ఆయన ఫోను దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఊరికే అడుగుతాండా. ఒకేళ పచ్చి అలసంద తినింటే ఏం జేయాల?"

"తినిందా?"

"తినింటే అని."

"ఎంత తినింది? ఎప్పుడు?"

"తినల్యా మేడమ్. తినింటే అని అడుగుతాండా."

"నాకు కతలు జెప్పొద్దు పెద్దాయనా! తడి అలసంద తినింటే కడుపులో ఒట్టి గాలి గాదు, నురగ పుడతాది. అన్నం పొంగినట్ల పొంగి తేన్పుకు దోవ ల్యాకుండా జేస్తాది. దానికి నూనె పోయాల. ల్యాదంటే అది వేరే. నేను శిరివెళ్ల చేరేకే ఇంకా టైం పడతాది. తినిందా, ల్యాదా?"

అప్పుడే నీలి ముందు కాళ్లు వణికి మడత పడ్డాయి. లూదియా దాని తలను తన భుజంతో ఎత్తిపట్టడానికి చూస్తోంది. ఆమె వల్ల కావడం లేదు. ఆమె మొగుడి వైపు ఒక్కసారి చూసింది.

"తినింది!" అని అరిచాడు సుందరరాజు. "నేనే ఇడిస్తి మేడమ్! గుడికి పోయే ముందర. సగం మడి మేసింది. తడి ఆరని అలసంద. నేనే, నేనే ఇడిస్తి. అయ్యగారూ, నేను అబద్ధమాడితి. మత్తయీ, ఇన్యావు గదా, నేనే!"

మత్తయి నోరు తెరిచే లోపలే రమాదేవి అందుకుంది. "బుడ్డల నూనె ఉందా ఇంట్లో? అర లీటరు తీస్కరాండి. తల మరీ పైకి ఎత్తొద్దు, నాలుక పట్టి లాగొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాది. పక్క నోటెంబడి కొంచెం కొంచెం పోయండి. ముందు కాళ్లు ఎత్తుమీద ఉండేట్ల నిలబెట్టండి. ఒక వేపపుల్ల నోటికి అడ్డం కట్టండి, నమల్తా ఉంటే ఉమ్మి ఊరతాది."

నిర్మల వేరుశనగ నూనె తెచ్చింది. లూదియా సీసా పట్టుకుని, దూడప్పుడు పాలు పట్టినట్టే, దవడ పక్క నుంచి కొద్దికొద్దిగా పోసింది. ఆమె చీరంతా నూనె అయింది. అయ్యగారు తెల్ల అంగీ చేతులు పైకి మడుచుకుని కొమ్ములు పట్టుకున్నారు. సుందరరాజూ మత్తయీ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకే పనికి భుజం కలిపి, నీలిని లేపి ముందు కాళ్లు అరుగు మీదికి ఎక్కించారు. సుందరరాజు ఎడమ డొక్కను రెండు చేతులతో పిండి పిసికినట్టు పిసుకుతూ, "తేన్చు తల్లీ, ఒక్కసారి తేన్చు" అని బతిమాలుకుంటున్నాడు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు గానీ, జీవితంలో మొదటిసారి కళ్లు తెరిచే ప్రార్థించారు.

ఏమీ రాలేదు.  నీలి పుల్లను కొరుకుతోంది. చొంగ కారుతోంది. సుందరరాజు నోటి దగ్గర ఏమన్నా తెలుస్తుందేమోనని ముందుకు వంగి మొహం దాని మొహానికి దగ్గరగా పెట్టాడు.

అప్పుడు వచ్చింది. ముందు గొంతులో గురగుర. తర్వాత ఒక పొడుగాటి తేన్పు, నురగతో, పులిసిన అలసంద వాసనతో, సుందరరాజు మొహం నిండా. ఆయన పక్కకు తొలగలేదు. కళ్లు మూసుకుని, పన్నీరు చల్లినా అంత ఆనందపడి ఉండడు, అట్లాగే నిలబడ్డాడు. వెనకే ఇంకోటి. ఇంకోటి. డొక్క చేతి కింద మెల్లగా మెత్తబడింది.

"అబ్బా, అలసందే" అన్నాడు మత్తయి ముక్కు మూసుకుని. సాక్ష్యానికి ఇంక కొరత లేకపోయింది.

రమాదేవి వచ్చి, నోట్లో నుంచి గొట్టం వేసి మిగిలిన గాలి తీసి, సూది వేసింది. పొట్ట తడిమి, "దూడ కదుల్తాండాది. భయం ల్యా. రేపంతా ఎండుగడ్డే" అని లూదియాకు చెప్పింది. సుందరరాజుతో మాత్రం, "పెద్దాయనా, ఇంకోసారి ఇట్ల జేయాలనిపిస్తే గొడ్డును ఇడిసిపెట్టి నువ్వుండు ఉపవాసం" అని నవ్వి, కారెక్కింది.

మత్తయి వెళ్లబోతూ ఆగాడు. ఎత్తిపొడుస్తాడనే అనుకున్నారంతా. అతను సుందరరాజు భుజం మీది నురగను కండువాతో తుడిచి, "నేను టీ ముట్టల్యా, నిజమే. పూటకు రెండు గ్లాసులు కాఫీ తాగితి" అన్నాడు. అయ్యగారు చర్చిలో ఎప్పుడూ నవ్వనంత గట్టిగా నవ్వారు.

అందరూ వెళ్లాక సుందరరాజు కొట్టంలోకి వచ్చాడు. లూదియా గుంజకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. నీలి ఆమె పక్కనే నిలబడి నెమరు మొదలుపెట్టింది.

"ఏం జేయాల లూదీ" అన్నాడు. "అది నా మొగం సూసి అరిసె. ఆకలేస్తాందేమో అని మనసాగల్యా నాకు."

"అరిసె గాబట్టి నీకు ఇనపడె" అంది ఆమె. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నేను అరవల్యా గదా, నిర్మల నాయనా."

సుందరరాజు ఆమెను చూశాడు. ఎండిపోయిన పెదాలు, నూనె మరకల చీర, గుంజకు వాలిన తల. చీకటితో లేచిన మనిషి. ఇంట్లో ముగ్గురూ, తనతో కలిపి, బర్రె ఆకలి తీర్చడానికి దొంగతనాలు చేశారు. ఈమెను తిన్నావా అని అడగడానికి దొంగతనం కూడా అక్కర్లేదు, ఐనా ఒక్కరూ అడగలేదు.  

ఆయన నేరుగా ఇంట్లోకి పోయాడు. లోపల గిన్నెలు పడిన చప్పుడైంది. ఏది ఎక్కడుందో ఆయనకు తెలియదు. నిర్మల సాయానికి లేస్తే ఎలిజబెత్తమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. కాసేపటికి పళ్లెంలో అన్నం, పప్పు, పక్కన కొంచెం ఊరగాయ, చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తిను" అన్నాడు.

"నువ్వో?"

"నువ్వు తినినాక."

పెళ్లై ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆయనకంటే ముందు ఆమె తినడం అదే మొదటిసారి. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.